అటక మీది పెట్టెలో 1974 నాటి హల్క్ 181: గ్రేడింగుకు పంపాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

అటక_వారసుడు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూ మాత్రమే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా బాబాయి 1973లో ఒహాయోలో ఎం.ఎస్. చదవడానికి వెళ్లి, 1976లో తిరిగి వస్తూ ఒక రేకు పెట్టె నిండా కామిక్సు తెచ్చుకున్నారు. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశాం కాబట్టి, ఇన్నేళ్లూ అటక మీద ఉన్న ఆ పెట్టెను పోయిన నెల దించవలసి వచ్చింది. అందులో మార్వెల్ అనే అమెరికా సంస్థ కామిక్సు 41 ఉన్నాయి. వాటితో పాటు మా నాయనమ్మ దాచిన చందమామ బైండు పుస్తకాలు ఆరు, ఇంద్రజాల్ కామిక్సు ఒక ముప్ఫై దాకా ఉన్నాయి.

ఫోటోలు ఒక సామాజిక మాధ్యమంలో పెట్టగానే ఒకాయన ఫోను చేసి, పెట్టె మొత్తానికి పదిహేను వేలు ఇస్తాననీ, ఆ సాయంత్రమే మనిషిని పంపుతాననీ అన్నారు. ఆ తొందర చూసి నాకు అనుమానం వచ్చింది. 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచిక ఉందా అని ఆయన రెండుసార్లు అడిగారు. ఉంది. దాన్ని గ్రేడింగుకు, అంటే స్థితి చూసి అంకె వేయించడానికి పంపాలో, ఉన్నదున్నట్టు అమ్మేయాలో పెద్దలు చెప్పగలరు.

ఎడిసన్_మామయ్య (న్యూజెర్సీ)

వారసుడు గారూ, ముందుగా ఆ మనిషిని రావద్దని చెప్పండి. తరువాత, పుస్తకాలను తుడవడం, టేపు వేయడం, ఇస్త్రీ చేయడం వంటి పనులేవీ పెట్టుకోకండి. చేతులు కడుక్కొని, పూర్తిగా ఆరిన తరువాతే ముట్టుకోండి.

ఆయన 181 గురించి అడగడానికి కారణం ఉంది. 1974 నవంబరు తేదీతో, 25 సెంట్ల ధరతో వచ్చిన ఆ సంచికలో వుల్వరిన్ పాత్ర మొదటిసారి కథ నిండా కనిపిస్తుంది. 180వ సంచిక చివరి పేజీలో ఒక్క బొమ్మలో మెరిసి మాయమైనా, మార్కెట్టు మొదటి రాకగా లెక్కపెట్టేది 181నే. కథ లెన్ వీన్ రాశారు, బొమ్మలు హెర్బ్ ట్రింప్ వేశారు, పాత్ర రూపాన్ని జాన్ రొమీటా సీనియర్ తీర్చారు. మధ్యరకం స్థితిలో ఉన్న పూర్తి ప్రతి కూడా నేడు వెయ్యి డాలర్లకు పైనే పలుకుతుంది. మీకు వచ్చిన బేరం ఎంత న్యాయమైనదో ఇక మీరే చూసుకోండి.

అయితే సంతోషించే ముందు ఒక పని చేయండి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అట్టను తొంభై డిగ్రీలకు మించి తెరవకుండా, పాఠకుల ఉత్తరాల పేజీకి వెళ్లండి. 1974, 75 సంవత్సరాల్లో మార్వెల్ సంస్థ ఆ పేజీలో తపాలా బిళ్లంత బొమ్మ వేసి, కత్తిరించి పుస్తకంలో అంటించుకోమని పిల్లలను ప్రోత్సహించింది. దాన్నే మార్వెల్ వాల్యూ స్టాంపు అంటారు. 181లో ఉండేది షానా అనే పాత్ర బొమ్మతో ఉన్న 54వ నంబరు స్టాంపు. అది ఉందో లేదో చూసి చెప్పండి. మీ ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది.

విశాఖ_తేమ

ఎడిసన్ మామయ్య గారు చెప్పినదానికి తోడు, పెట్టె వాసన ఎలా ఉందో కూడా రాయండి. కలరా ఉండల వాసన అయితే భయం లేదు, కొన్నాళ్లు గాలి ఆడే చోట పెడితే చాలావరకు పోతుంది. ముక్క వాసన, అంటే నెమ్ము పట్టిన గోడ వాసన వస్తుంటే మాత్రం ఆ పుస్తకాలను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. బూజు ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది. ఎండలో మాత్రం పెట్టవద్దు. మన అమ్మమ్మలు అప్పడాలు ఎండబెట్టినట్టు నేను ఒకసారి పన్నెండు పుస్తకాలను డాబా మీద ఆరబెట్టాను. రెండు గంటల్లో అట్టల మీది ఎరుపు వెలిసిపోయింది, కాగితం అంచులు మురుకుల్లా వంకర తిరిగాయి.

అటక_వారసుడు

మామయ్య గారూ, మీరు చెప్పినట్టే చూశాను. స్టాంపు లేదు. కత్తెరతో చాలా శుభ్రంగా, గీత గీసి కోసినట్టు కోసి ఉంది. ఆ నలుచదరపు రంధ్రంలోంచి వెనక పేజీ కనిపిస్తోంది. బాబాయికి ఫోను చేస్తే నవ్వి, "నేనే కోశాను రా, ఆ స్టాంపులు అంటించే పుస్తకం ఒకటి పోస్టులో తెప్పించుకున్నాను, అది కొలంబస్‌లో గది ఖాళీ చేసినప్పుడు అక్కడే వదిలేశాను" అన్నారు. ఆయనకు ఇప్పుడు డెబ్భై ఆరేళ్లు. ఆ స్టాంపు ఖరీదెంతో ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మిగతా పుస్తకం చూడటానికి బాగానే ఉంది. అట్ట మెరుపు తగ్గలేదు, పిన్నులు తుప్పు పట్టలేదు. వెన్ను పొడవునా సన్నటి గీతలు తొమ్మిదో పదో ఉన్నాయి, వాటిలో నాలుగింటి దగ్గర రంగు చిట్లి తెల్లగా కనిపిస్తోంది. కింది మూల ఒకటి కాస్త మొద్దుబారింది. వాసన కలరా ఉండలదే.

కొత్త_కలెక్టర్ (హైదరాబాదు)

ఇదే స్టాంపు ఉన్న పేజీలు విడిగా వేలంలో అమ్ముతున్నారు కదా! పాడైపోయిన ఇంకో ప్రతి నుంచి ఆ పేజీ కొని ఇందులో పెట్టేస్తే సరిపోదా? ఎవరు కనిపెడతారు?

ఎడిసన్_మామయ్య

కనిపెట్టడమే గ్రేడింగు చేసేవాళ్ల వృత్తి, కొత్త కలెక్టర్ గారూ. ఒక ప్రతిలోని కాగితం వయసుతో పాటు ఒక రంగుకు తిరుగుతుంది. ఇంకో ఇంట్లో, ఇంకో తేమలో పెరిగిన పేజీ పక్కన పెడితే, అది వేరే పుస్తకంలోదని దీపం కింద ఇట్టే తెలిసిపోతుంది. పిన్నులు ఒకసారి విప్పి మళ్లీ వంచిన జాడ కూడా రంధ్రాల దగ్గర మిగులుతుంది. అలా జతచేసిన పేజీని 'మ్యారీడ్' అని లేబుల్ మీద రాస్తారు. రాసినంత వరకు అది తప్పు కాదు, కొనేవాడికి తెలిసే కొంటాడు. రాయకుండా అమ్మితే అది మోసం. ఈ వేదికలో అటువంటి సలహా మళ్లీ ఇవ్వవద్దని కాస్త గట్టిగానే కోరుతున్నాను.

వారసుడు గారికి లేబుళ్ల సంగతి చెప్పాలి. ఫ్లోరిడాలోని సారాసోటాలో ఉన్న సీజీసీ సంస్థ 2000లో కామిక్సు గ్రేడింగు మొదలుపెట్టింది. పుస్తకాన్ని పేజీ పేజీ లెక్కపెట్టి, లోపాలు చూసి, 0.5 నుంచి 10 దాకా ఒక అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్కు పెట్టెలో మూసి పంపుతారు. దీన్నే మనవాళ్లు స్లాబ్ అంటారు. డాబా మీద వేసే శ్లాబు కాదు లెండి. నీలం లేబుల్ మామూలుది. పసుపు లేబుల్, సంస్థ పంపిన సాక్షి ఎదుట రచయితో చిత్రకారుడో సంతకం చేసినదానికి. ఊదా లేబుల్ వచ్చిందంటే రంగు పూసి, ముక్క అతికి, అంచు కత్తిరించి 'బాగుచేసిన' పుస్తకమని అర్థం. దాని ధర సాధారణంగా దారుణంగా పడిపోతుంది. ఇక పచ్చ లేబుల్, ఒక్క ప్రత్యేక లోపం తప్ప మిగతా పుస్తకం బాగున్నప్పుడు ఇచ్చేది. ఆ లోపాన్ని విడిగా రాసి, మిగతాదానికి అంకె ఇస్తారు. స్టాంపు పోయిన 181లకు ఎక్కువగా వచ్చేది ఈ పచ్చ లేబులే.

పచ్చ లేబుల్ మీద 6.0 ఉంటే నీలం మీద 6.0 పలికినంత పలకదు. అంకె చూసి మురిసిపోయి ధర చెబితే కొనేవాళ్లు నవ్వుతారు. అయినా అది 181 కాబట్టి, స్టాంపు లేకపోయినా మంచి ధరే పలుకుతుంది.

బైండింగు_బాధితుడు (గుంటూరు)

చర్చ అంతా హల్క్ చుట్టూ తిరుగుతోంది. ఆ ఆరు చందమామ బైండుల సంగతి ఎవరూ అడగలేదు. అవి ఏ సంవత్సరాలవి?

అటక_వారసుడు

1958 నుంచి 1963 వరకు, ఏడాదికి ఒకటి. ఎర్ర కాలికో గుడ్డ వెన్ను, దాని మీద బంగారు రంగులో మా తాతయ్య పేరు, సంవత్సరం ఉన్నాయి.

బైండింగు_బాధితుడు

నా బాధంతా అదే. మన ఇళ్లలో చందమామను ప్రేమగా చూసుకున్నవాళ్లే బైండు చేయించారు. బైండింగు షాపులో పన్నెండు సంచికలనూ దారంతో కుట్టి, మూడు వైపులా కటింగు మిషను కింద పెట్టి అంచులు సమం చేసేవారు. చాలాచోట్ల అట్టలు కూడా చింపేసేవారు, ప్రకటనల పేజీలు దండగ అని తీసేసేవారు. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాల కోసమే కొనేవాళ్లు ఉన్న ఈ రోజుల్లో, లోపల అట్టలు ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. అవి ఉన్నాయో లేదో చూడండి. ఉన్నా సరే, బైండు విప్పి విడివిడిగా అమ్ముదామని మాత్రం అనుకోవద్దు. అంచు కోసిన సంచిక విప్పినా కోసినదే, పైగా కుట్టు రంధ్రాలు, జిగురు మరకలు కొత్తగా తోడవుతాయి.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక అది. తొలి ఏళ్ల విడి సంచికలకు ఉన్న గిరాకీ వేరు, అరవైల నాటి బైండులకు ఉన్న గిరాకీ వేరు. రెండో రకం కొనేవాడు ప్లాస్టిక్కు పెట్టెలో మూసి గోడకు తగిలించేవాడు కాదు. పడక్కుర్చీలో కూర్చొని, దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మళ్లీ చదువుకోవాలనుకునే అరవై ఏళ్ల మనిషి. అతనికి గ్రేడు అంకె అక్కర్లేదు, పేజీలు పూర్తిగా ఉన్నాయా అన్నదొక్కటే కావాలి. కాబట్టి పేజీలు లెక్కపెట్టి, చిరిగినవాటి ఫోటోలతో సహా ప్రకటన ఇవ్వండి.

అబిడ్స్_ఆదివారం (హైదరాబాదు)

ఇంద్రజాల్ విషయం నేను చెబుతాను. ముప్ఫై ఏళ్లుగా ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అవే ఏరుతున్నాను. 1964 మార్చిలో వేతాళుడి (ఫాంటమ్) కథతో మొదలై 1990లో ఆగిపోయిన ఈ వరుసలో తొలి సంచికలకే అసలు వెల. ఒక చిన్న తమాషా చెప్పాలి. 123, 124 నంబర్ల కోసం కొత్తవాళ్లు ఊళ్లన్నీ తిరుగుతుంటారు. సమ్మె కారణంగా ఆ రెండూ అసలు అచ్చే కాలేదు. అవి తన దగ్గర ఉన్నాయని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీ ప్రతుల మీద అద్దె పుస్తకాల షాపు రబ్బరు ముద్ర ఉందేమో చూడండి. ఆ ముద్ర ఉంటే ధర తగ్గుతుందని అందరూ అంటారు. నేను మాత్రం అటువంటివే వెతికి మరీ కొంటాను. 'రోజుకు పది పైసలు' అని ముద్ర కొట్టిన వేతాళుడు నా దగ్గర నాలుగు ఉన్నాయి. ఇది నా పిచ్చి, మార్కెట్టు లెక్క కాదు.

అమర్ చిత్ర కథలు కూడా ఉంటే వాటి నంబర్లు చెప్పండి. 'కృష్ణ' మొదట 11వ నంబరుగా వచ్చి, తరువాతి కాలపు పునర్ముద్రణల్లో 501గా మారింది. తొలి ముద్రణ అని చెప్పి 501ని అంటగట్టే అమ్మకందారులు చాలామంది ఉన్నారు.

కొత్త_కలెక్టర్

మామయ్య గారూ, పేజీ గురించి అడిగింది తప్పే, క్షమించండి. నిజంగా తెలియక అడిగాను. ఇంకో సందేహం కూడా ఉంది. మిగతా 40 మార్వెల్ పుస్తకాలనూ గ్రేడింగుకు పంపితే మంచిదేనా? నేను కూడా నా దగ్గరున్న తొంభైల నాటి ఎక్స్-మెన్ ఒకటో నంబరు పంపుదామనుకుంటున్నాను.

ఎడిసన్_మామయ్య

క్షమాపణ అక్కర్లేదండి. నేనూ అలాంటి తప్పులు చేసినవాణ్ణే. 1991లో ఆ ఎక్స్-మెన్ ఒకటో నంబరు వచ్చినప్పుడు నేను ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఐదు రకాల అట్టలతో వస్తే, పిల్లల చదువుకు పనికొస్తాయని ఐదూ రెండేసి చొప్పున కొన్నాను. నాలాగే అందరూ కొన్నారు. ఎనభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన పుస్తకం అది, గిన్నిస్ రికార్డు కూడా దానిదే. అందరూ దాచిన వస్తువుకు వెల ఎక్కడి నుంచి వస్తుంది? మా అమ్మాయి చదువు పూర్తయి పదేళ్లయింది, ఆ పది పుస్తకాలు ఇంకా మా బేస్‌మెంటులోనే ఉన్నాయి. 1938లో పది సెంట్లకు వచ్చిన యాక్షన్ కామిక్సు ఒకటో నంబరు, 8.5 గ్రేడు ప్రతి, 2024లో 60 లక్షల డాలర్లు పలికిందంటే, దానికి కారణం ఆనాడు ఎవరూ దాచకపోవడమే. పిల్లలు చదివి పారేశారు, యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణకు ఇచ్చేశారు.

ఖర్చు లెక్క వేయండి. నా చివరి పార్సెల్‌లో ప్రెస్సింగు, గ్రేడింగు రుసుము, రానుపోను బీమా పోస్టు అన్నీ కలిపి పుస్తకానికి 60 డాలర్ల చుట్టూ పడింది. విలువ పెరిగితే రుసుమూ పెరుగుతుంది. వేలం సైటులో అమ్మితే పదమూడు శాతానికి అటూఇటూ వాళ్లకు పోతుంది. కాబట్టి గ్రేడు వచ్చాక రెండు వందలకు తక్కువ పలికే పుస్తకాన్ని పంపడం పోస్టాఫీసుకు దానం చేయడమే. ఆ నలభైలో మొదటి రాకలు, పేరున్న అట్టలు ఏవైనా ఉంటే అవి మాత్రం చూడండి. మిగతావి జట్టుగా, ఉన్నదున్నట్టు అమ్మేయండి.

ఇంకొకటి. 1974, 75 నాటి సంచికలన్నింటిలోనూ స్టాంపులు చూసుకోండి. కత్తెర పట్టిన కుర్రాడు ఒక్కదానితో ఆగడు.

అటక_వారసుడు

ఆగలేదండి. పదకొండింటిలో కోశారు.

విశాఖ_తేమ

ప్రెస్సింగు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అట్ట మీద రంగు చిట్లని నలుగులు, వేళ్ల ఒత్తిడికి పడిన గుంటలు ఉంటే, కొలిచిన తేమ, వేడి, బరువు కింద వాటిని సమం చేయడమే ప్రెస్సింగు. సీజీసీ దీన్ని బాగుచేయడంగా లెక్కించదు. కానీ రంగు చిట్లిన గీత ఏ యంత్రం కింద పెట్టినా గీతగానే ఉంటుంది. వారసుడు గారి ప్రతిలో రంగు చిట్లినవి నాలుగే అన్నారు, మిగతా ఐదారు గీతలు సర్దుకోవచ్చు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించిన ఒక మిత్రుడి పుస్తకంలో అట్ట మీది సిరా ఎదుటి పేజీకి అచ్చుగా అంటుకుంది.

పంపేవరకు పుస్తకాన్ని మైలార్ అనే గట్టి పారదర్శక కవరులో, ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి, నిలబెట్టి ఉంచండి. బజారులో దొరికే పలచని ప్లాస్టిక్కు సంచులు కొన్నేళ్లకు జిగటగా మారి అట్టకు అంటుకుంటాయి. రాజమండ్రి వానాకాలంలో బీరువా కింది అర అసలు వద్దు.

అబిడ్స్_ఆదివారం

అమెరికా ఎలా పంపాలని అడగబోతారు కదా, ముందే చెబుతున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా వెళుతుంటే, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతి సంచిలో పంపండి. చెకిన్ సామానులో వద్దు, ఆవకాయ సీసాల పక్కన అసలే వద్దు. నేను నవ్వులాటకు అనడం లేదు. నా ఇంద్రజాల్ ఒకటి ఇప్పటికీ నూనె మరకతో ఉంది.

అటక_వారసుడు

ఏడు నెలల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మా చెల్లెలు అట్లాంటా వెళుతూ 181ని, దానితో పాటు మామయ్య గారు ఫోటోలు చూసి ఎంపిక చేసిన ఇంకో రెండింటినీ చేతి సంచిలో తీసుకెళ్లింది. ప్రెస్సింగు చేయించి సారాసోటాకు పంపింది. ఫలితం పోయిన వారం వచ్చింది. పచ్చ లేబుల్, 6.5. పేజీల రంగు 'క్రీమ్ టు ఆఫ్-వైట్'. అంకె కింద చిన్న అక్షరాల్లో, ఉత్తరాల పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంపు కత్తిరించి ఉందనీ, కథకు నష్టం లేదనీ రాశారు. మిగతా రెండూ నీలం లేబుళ్లే, 7.0, 5.5.

ఆ రెండింటినీ, మిగిలిన ముప్ఫై ఎనిమిదినీ అమ్మేశాం. జట్టుగా అమ్మినవి హైదరాబాదు కామిక్ కాన్‌లో పరిచయమైన ఒకాయన కొన్నారు. స్టాంపులు లేని పదకొండింటి జాబితా మొదటే ఆయన చేతికి ఇచ్చాను. చందమామ బైండుల్లో నాలుగింటికి అట్టలు ఉన్నాయి, వాటిని మాత్రం అమ్మ ఇవ్వనంది.

181 ఇంకా మా చెల్లెలి దగ్గరే ఉంది. స్లాబ్ ఫోటో బాబాయికి చూపించాం. చాలాసేపు చూసి, "ఇందులోంచి తీసి చదవడం ఎలా?" అని అడిగారు. తీస్తే గ్రేడు పోతుందని చెబితే, "అయితే ఇంకొకటి కొనిపెట్టు, చవకది, చదువుకోవడానికి" అన్నారు. పునర్ముద్రణ ప్రతి ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?

ఎడిసన్_మామయ్య

నా దగ్గర ఒకటి అదనంగా ఉంది. పుస్తకం వెల వద్దు, పోస్టు ఖర్చు కూడా వద్దు. సంక్రాంతికి కాకినాడ వస్తున్నాను, మీ బాబాయి గారి ఇల్లు ఎక్కడో చెబితే వచ్చి ఇచ్చి వెళతాను.